లా ఫర్మ్‌లో మహిళలు పార్ట్‌నర్లు కావాలంటే ముందు ఫైళ్ల పంపకం చూడండి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. హైదరాబాద్‌లో సుమారు 40 మంది న్యాయవాదులున్న ఫర్మ్‌కు మీరు మేనేజింగ్ పార్ట్‌నర్. కొత్తగా చేరే జూనియర్లలో సగానికి పైగా అమ్మాయిలే. ఫర్మ్ లాభాల్లో వాటా ఉన్న 9 మంది పార్ట్‌నర్లలో మాత్రం మహిళ ఒక్కరే, ఆమె చూసేది ఆస్తి పత్రాల పరిశీలన. గత ఏడాది ఏడెనిమిదేళ్ల అనుభవం ఉండి ఇంకా పార్ట్‌నర్లు కాని ఇద్దరు న్యాయవాదులు, అంటే సీనియర్ అసోసియేట్లు, వెళ్లిపోయారు. ఒకరు ఫార్మా కంపెనీ న్యాయ విభాగంలో చేరారు, మరొకరు పరీక్ష రాసి జూనియర్ సివిల్ జడ్జి అయ్యారు. మెంటరింగ్ పెట్టాం, మహిళా దినోత్సవం జరుపుతున్నాం, ప్రసూతి సెలవు ఇస్తున్నాం, ఇంకా ఏం చేస్తే ఆగుతారు అని మీరు అడిగారు.

నేను ఈ ఊళ్లోనే సివిల్, వాణిజ్య వివాదాలు వాదిస్తున్నాను. ఒక ఫర్మ్‌లో జూనియర్‌గా మొదలై పార్ట్‌నర్‌నయ్యాను, తర్వాత కొత్త పార్ట్‌నర్లను ఎంపిక చేసే కమిటీలో కూర్చున్నాను. రెండు వైపులా చూశాక నా అభిప్రాయం ఒకటే. ఏ ఫైలు ఎవరి బల్ల మీదకు వెళ్తోంది, ఆ ఫైల్లో ఏ పని ఎవరు చేస్తున్నారు, ఆ క్లయింట్ ఎవరి పేరున లెక్కలోకి వస్తున్నారు అన్నది ముందు చూడండి. ఎనిమిదో ఏట ఎవరు పార్ట్‌నర్ కాగలరో మూడో ఏట, నాలుగో ఏట జరిగే ఈ పంపకమే తేల్చేస్తుంది. మీరు పెట్టిన కార్యక్రమాలేవీ దాన్ని తాకడం లేదు.

మన వృత్తిలో ఒకే కేసులో రెండు రకాల పనులుంటాయి. పాత తీర్పులు వెతకడం, ఎదుటి పక్షానికి రాతపూర్వక జవాబు (కౌంటర్) తయారు చేయడం, దస్తావేజులు వరుసలో పెట్టి కాలక్రమ పట్టిక రాయడం, ఒప్పందానికి ముందు కాగితాలన్నీ తనిఖీ చేసే డ్యూ డిలిజెన్స్, ఆస్తి హక్కును పరిశీలించే టైటిల్ వెరిఫికేషన్, రాతపూర్వక వాదనలు, ఇవి ఒక రకం. కేసును వెంటనే వినమని జడ్జిని కోరడం (మెన్షన్ చేయడం), స్టే కోసం వాదించడం, ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం (క్రాస్ చేయడం), క్లయింట్‌తో కూర్చుని కేసు బలహీనతలు చెప్పడం, ఫీజు మాట్లాడటం, ఎదుటి పక్షంతో రాజీ చర్చలు, ఇవి రెండో రకం. మొదటి రకం పని లేకుండా కేసు గెలవలేం. కానీ పేరు తెచ్చేది రెండో రకమే. రాత్రి రెండింటి దాకా కూర్చుని రిట్ పిటిషన్ రాసిన అమ్మాయి ఉదయం కోర్టు హాలులో వెనక వరుసలో ఫైలు పట్టుకుని ఉంటుంది. ఆమె రాసిన వాదనను ముందు నిలబడి చెప్పిన వ్యక్తి గొంతు క్లయింటుకు గుర్తుండిపోతుంది. తర్వాతి కేసుకు ఆ గొంతుకే ఫోను వస్తుంది.

చాలా ఫర్మ్‌లలో అమ్మాయిల చేతికి మొదటి రకం పని ఎక్కువగా ఎందుకు వెళ్తుందంటే, వాళ్లు దాన్ని బాగా చేస్తారు కాబట్టి. "ఆవిడ డ్రాఫ్ట్ చేస్తే నేను మళ్లీ చూడక్కర్లేదు" అన్న మెచ్చుకోలు ఎన్నో గదుల్లో విన్నాను. ఆ మెచ్చుకోలు నిజమైనదే. అయితే దాని ఫలితంగా ఆ అసోసియేట్ ఆరేళ్లు అదే బల్ల దగ్గర ఉండిపోతుంది. పార్ట్‌నర్ల సమావేశంలో ఆమె పేరు వచ్చినప్పుడు "పని అద్భుతం, కానీ కోర్టులో అనుభవం తక్కువ, సొంత క్లయింట్లు లేరు" అంటారు. ఆ అనుభవం ఆమెకు దక్కకుండా చేసిన పంపకం ఆ గదిలో కూర్చున్నవారిదే. పోనీ కావాలని చేశారా అంటే, లేదు. సాయంత్రం ఏడు గంటలకు ఒక ఫైలు వచ్చినప్పుడు ఎదురుగా ఎవరుంటే వాళ్లకు, ఇదివరకు ఎవరితో ప్రయాణం చేశారో వాళ్లకు ఇచ్చేస్తారు. అలవాటు మీద నడిచే పంపకం ఇలాగే ఉంటుంది.

ఈ విషయంలో మన చరిత్రను ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది. కలకత్తా హైకోర్టు 1916లో రెజీనా గుహకు, పట్నా హైకోర్టు 1921లో సుధాంశుబాల హజ్రాకు ప్లీడర్లుగా నమోదయ్యే వీలు లేదన్నాయి. స్త్రీలు కావడమే కారణం. 1923 నాటి చట్టం ఆ అడ్డు తీసేసింది. అంతకుముందు కార్నీలియా సొరాబ్జీ 1892లోనే ఆక్స్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్ర పరీక్ష పూర్తి చేసి వచ్చినా, చాలా ఏళ్లపాటు ఆమెకు దొరికింది వారసుల ఎస్టేట్లను ప్రభుత్వం తరఫున చూసే కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కింద పరదాలో ఉండే స్త్రీల ఆస్తి వ్యవహారాలు చూసే ఉద్యోగమే. ఆ పనిని ఆమె ఎంతో గొప్పగా చేశారు. కానీ తలుపు తెరిచినవారే ఆమె ఏ గదిలో ఉండాలో కూడా నిర్ణయించారు. ఇప్పుడు కుటుంబ వివాదాలు, పత్రాల పరిశీలన, చట్ట నిబంధనల పాటింపు చూసే కంప్లయన్స్ పనులు ఆడవాళ్లకు సహజంగా సరిపోతాయని అనుకోవడంలో నాకు అదే నిర్ణయం కనిపిస్తుంది. మీ ఏకైక మహిళా పార్ట్‌నర్ ఆస్తి పత్రాల విభాగంలో ఉన్నారని రాశారు. అది ఆమె ఎంచుకున్నదా, లేక పదేళ్ల కిందట ఎవరో ఇచ్చిన మొదటి ఫైలు అటు తీసుకెళ్లిందా? ఆమెనే అడగండి.

మీ దగ్గర నుంచి ఒకరు న్యాయ సర్వీసుకు వెళ్లారన్నారు కదా, అదీ ఆలోచించదగ్గ సంగతే. తెలంగాణ జిల్లా న్యాయవ్యవస్థలో జడ్జీల్లో ఇప్పుడు సగం దాకా మహిళలున్నారు. మూడో వంతు రిజర్వేషన్ తోడ్పడింది, నిజమే. అయినా ఆ కోటా దాటి సగం దాకా రావడానికి పరీక్ష రాసే పద్ధతే ప్రధాన కారణమని నా నమ్మకం. అక్కడ ప్రశ్నపత్రం అందరికీ ఒకటే. చేరాక కేసులు కూడా కోర్టు పరిధిని బట్టి వస్తాయి, ఎవరో పిలిచి ఇచ్చేవి కావు. మరోవైపు పై మెట్లు చూడండి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు తొలి మహిళా న్యాయమూర్తిగా జస్టిస్ కె. అమరేశ్వరి వచ్చింది 1978లో. సుప్రీంకోర్టుకు 1989లో జస్టిస్ ఫాతిమా బీవీ మొదలు 2025 చివరి దాకా వచ్చిన మహిళా న్యాయమూర్తులు 11 మందే. వారిలో న్యాయవాద వృత్తి నుంచి నేరుగా వెళ్లింది 2018లో జస్టిస్ ఇందు మల్హోత్రా ఒక్కరే. రాతపరీక్ష ఉన్నచోట మన అమ్మాయిలు బారులు తీరి వస్తున్నారు. ఎవరో గుర్తుపట్టి, పేరు చెప్పి, ముందుకు తేవాల్సిన చోట సంఖ్య సన్నబడుతోంది. మీ ఫర్మ్ రెండో రకం చోటు. కాబట్టి గుర్తుపట్టే పద్ధతిని మీరు సరిచేయాలి.

ఇక క్లయింట్ల సంగతి. దీని మీద ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే పార్ట్‌నర్‌షిప్ అంటే చివరికి క్లయింట్లే. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 36వది మనల్ని ప్రకటనలు ఇవ్వనివ్వదు, పని కోసం అడగనివ్వదు. ఆ నియమం మంచిదే. దానివల్ల పని అంతా పరిచయాల మీదే వస్తుంది. క్లబ్బులో కలిసినవారు, కాలేజీ స్నేహితులు, బంధువుల బంధువులు, ఒకే జిల్లా నుంచి వచ్చిన వ్యాపారులు, పాత క్లయింట్ చెప్పి పంపిన కొత్త క్లయింట్. ఈ పరిచయాలు రాత్రి విందుల్లో, గోల్ఫ్ మైదానంలో, పెళ్లిళ్లలో మగవాళ్లు కూర్చునే చోట పెరుగుతాయి. ఖమ్మం నుంచో కర్నూలు నుంచో వచ్చి, ఇంట్లో తొలి న్యాయవాది అయిన అమ్మాయికి ఆ బల్లల దగ్గర కుర్చీ ఉండదు. ఏజడ్‌బీ అనే పెద్ద లా ఫర్మ్ స్థాపకుల్లో ఒకరైన జియా మోదీ, అలాంటిదే మరో ఫర్మ్ శార్దూల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్‌ను నడిపిస్తున్న పల్లవి ష్రాఫ్ ఈ దేశంలో ఎవరికీ తీసిపోని న్యాయవాదులు. వారి ప్రతిభ మీద నాకు అపారమైన గౌరవం. అయితే ఒకరు మాజీ అటార్నీ జనరల్ సోలీ సొరాబ్జీ కుమార్తె, ఇంకొకరు సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ పి.ఎన్. భగవతి కుమార్తె. వారిని ఉదాహరణగా చూపి "ప్రతిభ ఉంటే ఎవరైనా రావచ్చు" అని మీ జూనియర్లతో అనకండి. ప్రతిభ ఉండి ఆ పరిచయాలు లేనివారికి పరిచయాలను ఫర్మే కల్పించాలి.

అది కష్టమైన పని కాదు. కొత్త క్లయింట్‌తో మొదటి సమావేశంలోనే సీనియర్ అసోసియేట్‌ను కూర్చోబెట్టండి. కేసు సారాంశం ఆమె చేతనే చెప్పించండి. మీరు ఇరవై నిమిషాలు ఉండి, "ఈ వ్యవహారం మేడం చూస్తారు, ఫీజు, తేదీలు అన్నీ ఆమెతోనే మాట్లాడండి" అని చెప్పి లేచి వెళ్లిపోండి. మీరు లేచి వెళ్లడం ముఖ్యం. మీరు అక్కడే ఉంటే క్లయింట్ మీ వైపే చూసి మాట్లాడతారు, ఆమె నోట్సు రాసుకునే మనిషిగా మిగిలిపోతుంది. "సర్ రారా?" అని క్లయింట్ అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. నన్ను అడిగారు, నా తర్వాతివారినీ అడుగుతున్నారు. అప్పుడు మీరు ఏం జవాబిస్తారన్నది మీ ఫర్మ్ భవిష్యత్తును నిర్ణయిస్తుంది. "అవసరమైతే నేను వస్తాను" అంటే ఆమెను మీరే తగ్గించినట్టు. "ఈ విషయంలో మా దగ్గర ఆమెకంటే బాగా తెలిసినవారు లేరు" అంటే, అది నిజమైనప్పుడు, మూడో వాయిదా నాటికి ఆ ప్రశ్న ఆగిపోతుంది. క్లయింటుకు కావలసింది ఉత్తర్వు. మంచి మధ్యంతర ఉత్తర్వు ఒకటి చేతికి వచ్చాక ఎవరు తెచ్చారన్న పట్టింపు ఎంత త్వరగా కరిగిపోతుందో కళ్లారా చూశాను.

రిటైరవుతున్న పార్ట్‌నర్ల క్లయింట్ల మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టండి. ఒక పెద్దాయన తప్పుకుంటున్నప్పుడు ముప్పై ఏళ్ల క్లయింట్లు ఎవరి చేతికి వెళ్తారన్నది తరచు ఆయన ఒక్కరి మనసులోనే తేలిపోతుంది. కొడుకుకో మేనల్లుడికో, లేదా ఇన్నాళ్లూ కారులో పక్కన కూర్చుని కోర్టుకు వచ్చిన జూనియర్‌కో. ఒక రోజులో ఒకరు పార్ట్‌నర్ స్థాయికి వెళ్తారు, అంతకాలం కౌంటర్లు రాసిన మరొకరు ఉన్నచోటే ఉంటారు. తప్పుకోవడానికి రెండేళ్ల ముందే ఏ క్లయింట్ ఎవరికి, ఎందుకు అన్నది పార్ట్‌నర్లందరూ కూర్చుని కాగితం మీద పెట్టాలని నిబంధన చేయండి. అలాగే క్లయింట్‌ను తెచ్చినవారికి ఇచ్చే వాటా శాశ్వతంగా ఒకరి పేరునే ఉండకూడదు. తెచ్చినవారికి కొంత, నిలబెట్టినవారికి కొంత ఉండాలి. క్లయింట్ ఐదేళ్లుగా మళ్లీ మళ్లీ వస్తున్నది ఎవరి పని చూసో బిల్లులే చెబుతాయి.

దయతో చేసే నష్టం గురించి కూడా చెప్పాలి. అసోసియేట్‌కు చిన్నపిల్ల ఉందని తెలిసి, చెన్నైలో కంపెనీ వివాదాల అప్పీలు ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌ఏటీ) ముందు అప్పీలు వచ్చినప్పుడు "పాపం, ఆవిడను ఎందుకు ఇబ్బంది పెట్టడం" అని ఇంకొకరిని పంపుతారు. అనేవారి మనసులో చెడు ఏమీ ఉండదు. కానీ ఆ అప్పీలే ఆ ఏడాది ఫర్మ్‌కు అతి పెద్ద కేసు కావచ్చు. ఆమెకు తల్లి తోడుగా ఉండవచ్చు, అత్తగారు చూసుకోవచ్చు, భర్త సెలవు పెట్టవచ్చు, లేదా నిజంగానే ఆ వారం కుదరకపోవచ్చు. ఏది నిజమో ఆమెకే తెలుసు. కాబట్టి ప్రతిసారీ ఆమెనే అడగండి. ఒకసారి కాదన్నంత మాత్రాన రెండోసారి అడగడం మానకండి. ఇంకో మాట, పెళ్లి కుదిరిందని తెలిసిన రోజు నుంచి దీర్ఘకాలం నడిచే మధ్యవర్తిత్వ కేసులు (ఆర్బిట్రేషన్లు) ఆ అమ్మాయికి ఇవ్వడం మానేసే సీనియర్లున్నారు. ఇలాంటిది మీ దగ్గర జరుగుతోందో లేదో ఫైళ్ల రిజిస్టరు చూస్తే తెలిసిపోతుంది.

ప్రసూతి సెలవు గురించి మీరు ఒక్క వాక్యంలో రాశారు. అందులో న్యాయ ఫర్మ్‌లకే ఉన్న ఒక చిక్కు ఉంది. బార్ కౌన్సిల్ నియమాల్లో 49వది ప్రాక్టీసు చేసే న్యాయవాది పూర్తికాలపు జీతగాడుగా ఉండకూడదంటుంది. అందుకే మీ అసోసియేట్లకు ఇచ్చేదాన్ని జీతం అనకుండా రిటైనర్ ఫీజు అంటాం, వృత్తి రుసుము కింద టీడీఎస్ కోస్తాం. 1961 ప్రసూతి ప్రయోజన చట్టం 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు ఇచ్చింది, 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ అదే ఉంది. కానీ అవి ఉద్యోగుల కోసం రాసినవి. రిటైనర్ మీద ఉన్న న్యాయవాది ఉద్యోగా కాదా అని వాదించుకోవచ్చు. ఆ వాదనకు మీ ఫర్మ్‌లో తావే ఉండకూడదు. 26 వారాలు పూర్తి రిటైనర్‌తో అని ఒప్పందంలో రాయండి. ఏ పార్ట్‌నర్ కింద పనిచేస్తున్నా ఇదే వర్తిస్తుందని రాయండి. ఆయన దయ మీద, ఈయన ఉదారత మీద నడిచే సెలవుకు అడగడానికే భయపడతారు.

అయితే సెలవు ఇవ్వడం సగం పనే. ఆమె వెళ్లినప్పుడు ఫైళ్లు ఎవరికి ఇచ్చారు, తిరిగి వచ్చినప్పుడు అవి వెనక్కి వచ్చాయా? ఎక్కువచోట్ల రావు. "కేసు ఇప్పుడు మధ్యలో ఉంది, క్లయింట్ అలవాటు పడ్డారు" అంటారు. ఆమె ఆరు నెలల తర్వాత వచ్చి, ఏడేళ్ల అనుభవంతో, కొత్తగా చేరినవారిలా ఎవరైనా పని ఇస్తారా అని గదులు తిరుగుతుంది. కంపెనీ న్యాయ విభాగం నుంచి పిలుపు సరిగ్గా అప్పుడే వస్తుంది. మీ దగ్గర నుంచి ఫార్మా కంపెనీకి వెళ్లినవారు ఎప్పుడు వెళ్లారో తేదీలు చూడండి. సెలవుకు ముందే ఫైళ్ల జాబితా రాసి, ఏది తాత్కాలికంగా ఎవరికి, ఏ తేదీన తిరిగి ఆమెకు అన్నది క్లయింటుకు కూడా తెలియజేయండి. తిరిగి వచ్చిన మొదటి నెలల్లో పని గంటలు తగ్గించండి, పని స్థాయి తగ్గించకండి. రెండు పెద్ద కేసులు పూర్తిగా ఆమె చేతిలో ఉండటం, ఆరు కేసుల్లో తలా కాస్త సాయం చేయడం కంటే చాలా మేలు. పార్ట్‌నర్‌షిప్‌కు లెక్కించే ఏళ్లలో ఆ సెలవును కోతగా చూడకండి. ఆ ఏడాది బిల్లింగ్‌ను గైర్హాజరైన నెలలు తీసేసి లెక్కించండి.

2020 తర్వాత మనకు దొరికిన, నేరుగా గానీ వీడియోలో గానీ హాజరయ్యే హైబ్రిడ్ విచారణలు ఇక్కడ చాలా పనికొస్తాయి. హైకోర్టులో విచారణకు స్వీకరించాలా అని చూసే అడ్మిషన్ దశ కేసులు, ట్రిబ్యునళ్లలో చిన్న వాయిదాలు ఇంటి నుంచి చూసుకోవచ్చు. కానీ ముఖ్యమైన తుది వాదనలకు కోర్టు హాలులో నిలబడే అవకాశం ఆమెకు తప్పక దక్కేలా చూడండి. స్క్రీన్ మీద మాత్రమే కనిపించేవారిని న్యాయమూర్తులూ, ఎదుటి న్యాయవాదులూ, గుమాస్తాలూ తక్కువ గుర్తుంచుకుంటారు.

పని వేళలు మార్చగలిగితే చాలా మారుతుంది. సీనియర్లు కోర్టు నుంచి వచ్చి, విశ్రాంతి తీసుకుని, రాత్రి ఏడున్నరకు చాంబర్‌లో కూర్చుని జూనియర్లను పిలిచే పద్ధతి మన వృత్తిలో తరాలుగా ఉంది. మరుసటి రోజు కేసుల మీద అసలు చర్చ అప్పుడే జరుగుతుంది, మంచి ఫైళ్లు అప్పుడే చేతులు మారుతాయి. ఇంటికి వెళ్లాల్సినవారు ఆ చర్చకు దూరమవుతారు. ఆ సమావేశాన్ని సాయంత్రం ఐదుకో, ఉదయం ఎనిమిదికో మార్చండి. అత్యవసరం నిజంగా ఉన్న రోజు ఎవరైనా రాత్రి దాకా కూర్చుంటారు, మహిళలూ కూర్చుంటారు. ఆ రోజు ఇంటికి చేర్చే కారు ఫర్మ్‌దై ఉండాలి.

జిల్లా కోర్టుల సంగతి కూడా మరచిపోవద్దు. సంగారెడ్డికో నల్గొండకో ట్రయల్‌కు అమ్మాయిలను పంపడానికి సీనియర్లు వెనకాడటానికి ఒక కారణం అక్కడ సరైన మరుగుదొడ్లు కూడా లేకపోవడం. 2025 జనవరిలో సుప్రీంకోర్టు అన్ని కోర్టు ప్రాంగణాల్లో స్త్రీలకు, పురుషులకు, దివ్యాంగులకు, ట్రాన్స్‌జెండర్లకు వేర్వేరుగా ఆ సౌకర్యం ఉండాలని ఆదేశించింది. అమలు కోసం బార్ అసోసియేషన్లు అడగాలి, మీలాంటి పెద్దలు సంతకం పెట్టాలి. అసౌకర్యం ఉందని పంపడం మానేస్తే మాత్రం, సాక్షిని క్రాస్ చేయడం నేర్చుకునే ముఖ్యమైన చోటు ఆ అమ్మాయికి లేకుండా పోతుంది. ఇక్కడే ఇంకో సంగతి. తెలుగు మాధ్యమంలో చదివి జిల్లాల నుంచి వచ్చిన అమ్మాయిలు ట్రయల్ కోర్టులో సాక్షిని తెలుగులో ప్రశ్నించే తీరు చూడండి. పట్టాదారు పాసుపుస్తకం, పహాణీ, సరిహద్దు తగాదాలు వాళ్లకు పుట్టినప్పటి నుంచి తెలిసిన లోకం. అలాంటివారిని ఇంగ్లీషు ఉచ్చారణ కారణంగా కార్పొరేట్ క్లయింట్ల సమావేశాలకు దూరంగా ఉంచడం ఫర్మ్ తన బలాన్ని తానే పారేసుకోవడం. పేరున్న న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్ నుంచి వచ్చిన అమ్మాయికి, జిల్లా లా కాలేజీ నుంచి వచ్చిన అమ్మాయికి మీ దగ్గర ఒకే రకం ఫైళ్లు వెళ్తున్నాయా అన్నది కూడా రిజిస్టరులో చూడండి.

లైంగిక వేధింపుల నివారణ చట్టం గురించి మీరు రాయలేదు. 2013 చట్టం ప్రకారం 10 మంది లేదా అంతకుమించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షత సీనియర్ మహిళది, సభ్యుల్లో కనీసం సగం మహిళలు, బయటి సభ్యురాలో సభ్యుడో ఒకరు తప్పనిసరి. ఈ చట్టంలో ఉద్యోగి నిర్వచనం చాలా విశాలం. కాంట్రాక్టు మీదివారు, శిక్షణలో ఉన్నవారు, జీతం లేకుండా పనిచేసేవారు కూడా వస్తారు. కాబట్టి "మా వాళ్లు రిటైనర్ మీద ఉన్నారు, ఇంటర్న్‌లు స్టూడెంట్లు" అన్న మాట ఇక్కడ చెల్లదు. ఫిర్యాదు యజమాని స్థానంలో ఉన్న వ్యక్తి మీదే అయితే జిల్లా స్థానిక కమిటీకి వెళ్లాలి. ఆ దారి ఉందని ప్రతి ఇంటర్న్‌కూ మొదటి రోజే చెప్పండి. చిన్న ఫర్మ్‌లలో అందరూ అందరికీ తెలిసినవారే కాబట్టి బయటి సభ్యులుగా మీ స్నేహితులను పెట్టకండి.

నాయకత్వం దగ్గరకు వస్తాను. ఒక్క మహిళా పార్ట్‌నర్ ఉన్న ఫర్మ్‌లో ఆమెకు సాధారణంగా దక్కేవి ఇంటర్న్‌ల ఎంపిక, అంతర్గత కమిటీ, మహిళా దినోత్సవం, సిబ్బంది గొడవల పరిష్కారం. అవన్నీ అవసరమైన పనులు. వాటికి బిల్లు లేదు, అధికారమూ లేదు. ఫీజులు నిర్ణయించే, లాభాల వాటాలు తేల్చే, కొత్త పార్ట్‌నర్లను ఎంచే కమిటీలో ఆమె ఉన్నారా? లేకపోతే మొదట అక్కడికి తీసుకురండి, మిగిలిన పనులను మగ పార్ట్‌నర్లకు పంచండి. పార్ట్‌నర్ ఎంపికకు పేర్లు పరిశీలించేటప్పుడు అమెరికాలో 2017లో మొదలైన మాన్స్‌ఫీల్డ్ నియమం నుంచి ఒక ఆలోచన తీసుకోవచ్చు. 1869లో అక్కడ తొలి మహిళా న్యాయవాది అయిన అరబెల్లా మాన్స్‌ఫీల్డ్ పేరు దానికి పెట్టారు. నాయకత్వ స్థానాలకు పరిశీలించే అభ్యర్థుల్లో మహిళలు, తక్కువ ప్రాతినిధ్యం ఉన్న ఇతర వర్గాలవారు కనీసం 30 శాతం ఉండాలన్నది అది మొదలైనప్పటి సారం. ఎవరిని ఎంచుకోవాలో అది చెప్పదు, ఎవరి పేర్లు బల్ల మీదకు రావాలో చెబుతుంది. మన దగ్గర సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, 2024 మేలో సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్ కార్యవర్గంలో మూడో వంతు స్థానాలు మహిళలకు కేటాయించింది. "మెరిట్ ఏమవుతుంది" అని మీ పార్ట్‌నర్లలో కొందరు అడుగుతారు. అడిగినవారి ముందు గత మూడేళ్లలో వాదనలు ఎవరికి ఇచ్చారో ఆ పట్టిక పెట్టండి. ఇవ్వని అవకాశంలో మెరిట్ ఎలా కొలుస్తారో వారే చెప్పాలి.

మెంటరింగ్ గురించి చివరగా. మీ మెంటర్లు మంచి సలహాలే ఇస్తూ ఉంటారు. కానీ ఆ అమ్మాయికి సలహా కంటే, పార్ట్‌నర్ల గదిలో ఆమె లేనప్పుడు ఆమె పేరు ఎత్తి, "ఈ కేసు ఆమెకు ఇవ్వండి, బాధ్యత నాది" అనే మనిషి కావాలి. ప్రతి పార్ట్‌నర్ ఒక్కో మహిళా అసోసియేట్ విషయంలో ఆ మాట ఇవ్వాలి, ఏడాది చివర ఆమె ఎన్ని వాదనలు చేసింది, ఎంతమంది క్లయింట్లు ఆమెతో నేరుగా మాట్లాడుతున్నారు అన్నదానికి ఆ పార్ట్‌నరే జవాబు చెప్పాలి. ఆ జవాబు ఆయన లాభాల వాటా నిర్ణయించేటప్పుడు లెక్కలోకి రావాలి. లేకపోతే ఎవరూ పట్టించుకోరు, మీకూ తెలుసు.

ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలంటే, గత పన్నెండు నెలల ఫైళ్లు తీయండి. ప్రతి ఫైలుకు నాలుగు గడులు: ఎవరు రాశారు, ఎవరు వాదించారు, క్లయింట్‌తో ఎవరు మాట్లాడారు, క్లయింట్‌ను తెచ్చినందుకు ఇచ్చే వాటా ఎవరికి వెళ్లింది. మీ గుమాస్తా, అకౌంట్స్ మనిషి కలిసి రెండు వారాల్లో పూర్తి చేయగలరు. దాన్ని పార్ట్‌నర్లందరికీ చూపించండి, తర్వాత మూడు నెలలకోసారి మళ్లీ తీయండి. వెళ్లిపోయిన ఇద్దరినీ కలవండి. రాజీనామా రోజు చెప్పిన కారణం మర్యాద కోసం చెప్పింది అయి ఉంటుంది, ఇప్పుడైతే అసలు సంగతి చెబుతారు. ఆ తర్వాత ఐదారేళ్ల అనుభవం దాటిన మీ మహిళా అసోసియేట్లను ఒక్కొక్కరినీ పిలిచి, పార్ట్‌నర్ కావడానికి ఏమేం కావాలో, ఎప్పటికి కావచ్చో రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ కాగితంలో మొదటి అంశంగా, ఈ త్రైమాసికంలో ఆమె స్వయంగా వాదించబోయే కేసు నంబరు రాయండి.